మీ మనుషులు మీకు చెడు కబురు చెబుతారా? నలుగురిని నడిపించేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో 31 ఏళ్లు బడిలో పాఠాలు చెప్పాను. అందులో చివరి 11 ఏళ్లు ప్రధానోపాధ్యాయురాలిని. ఉద్యోగ విరమణ తరువాత మహిళా సంఘాల లీడర్లు, కొత్తగా ప్రధానోపాధ్యాయులైనవారు, పైడిభీమవరం మందుల కర్మాగారాల్లో షిఫ్టు చూసుకునే కుర్రవాళ్లు, పలాస జీడి పరిశ్రమలోని మేస్త్రీలు పిలిస్తే వెళ్లి వారి మధ్య కూర్చుంటున్నాను. విజయనగరం వైపు నుంచీ పిలుస్తుంటారు. వాళ్లు మళ్లీ మళ్లీ అడిగినవే ఇక్కడ రాశాను. కొన్ని జవాబులు పొడవైనవి, కొన్ని నాలుగు ముక్కలే. ఆ ప్రశ్న నన్ను ఎంత వేధించిందో జవాబూ అంతే సాగింది.

నేను సంఘం లీడరును మాత్రమే. నాయకత్వం అనే పెద్ద మాట నాకు వర్తిస్తుందా?

వర్తిస్తుంది. మీ ముఖం చూసి ఇంకొకరు నోరు విప్పాలో ఊరుకోవాలో తేల్చుకుంటున్నారంటే మీరు నాయకులే. మన జిల్లా మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి బోట్ల మీద పనిచేస్తారు. బోటును నడిపించేవాడిని తండేలు అంటారు. అతనికి గది ఉండదు, బల్ల ఉండదు, తలుపు మీద పేరు ఉండదు. వారాల తరబడి నడిసముద్రంలో అదే కొద్దిమందితో తిని, అదే చెక్క మీద పడుకుంటాడు. వలలో చిరుగు చూసినవాడు వెంటనే వచ్చి తండేలుకు చెబుతాడా, తిట్లు పడతాయని చూడనట్టు ఉంటాడా? ఆ వేట ఫలితం సగం అక్కడే తేలిపోతుంది.

ఉద్వేగాల విషయంలో తెలివిగా ఉండటమంటే అందరితో నవ్వుతూ మంచిగా ఉండటమేనా?

కాదు. 1990లో అమెరికా మనస్తత్వవేత్తలు పీటర్ సాలొవే, జాన్ మేయర్ దీనిని ఒక సామర్థ్యంగా నిర్వచించారు. తనలోని, ఎదుటివారిలోని ఉద్వేగాలను పసిగట్టడం, వాటి మధ్య తేడా తెలుసుకోవడం, ఆ తెలివిడిని ఆలోచనకూ పనికీ వాడుకోవడం. అందులో నవ్వు ముఖం ఊసు లేదు. బాగా నవ్వుతూ మాట్లాడే అధికారులను చాలామందిని చూశాను. వారి గదిలోకి వెళ్లడానికి గుమస్తాలు వణికేవారు.

నేను ఒకే ఒక కొలత పెట్టుకున్నాను. మీ పనిలో ఏదైనా చెడిపోతే ఆ కబురు మీకు ఎంతసేపట్లో చేరుతుంది? చెడగొట్టినవారే గంటలో వచ్చి చెబితే మీకు మనుషులతో మెలగడం తెలుసు. మూడు వారాల తరువాత బయటివారి నోట వింటే తెలియదు. ఎన్ని శిక్షణ తరగతులకు వెళ్లివచ్చినా తెలియదనే అంటాను.

మా దగ్గర తప్పులేవీ బయటపడటం లేదు. అంటే అంతా సవ్యంగా ఉన్నట్టే కదా?

నాకు అన్నిటికన్నా భయం కలిగించే ప్రశ్న ఇదే.

1990ల్లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు అమెరికాలో ఆసుపత్రి వార్డుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను గమనించారు. కలిసికట్టుగా పనిచేసే వార్డుల్లో పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆమె అనుకున్నారు. లెక్క తలకిందులుగా వచ్చింది. బాగున్న వార్డుల్లోనే ఎక్కువ నమోదయ్యాయి. లోతుగా చూస్తే అర్థమైంది. ఆ వార్డుల్లోని నర్సులు పొరపాటు జరిగితే చెప్పుకునేవారు, మిగతా చోట్ల దాచేవారు. అడిగినా, తప్పు చెప్పుకున్నా చిన్నబుచ్చరన్న ఆ నమ్మకం మీద 1999లో ఆమె రాసిన పరిశోధనను ఈ రంగంలో ఇప్పటికీ ఆధారంగా తీసుకుంటారు.

ఇది చదవకముందే నాకు తెలిసి ఉండాల్సింది. మా బడిలో ఒక యువ ఉపాధ్యాయుడు వారానికి రెండు రోజులు ఆలస్యంగా వచ్చేవాడు. ఒక రోజు ప్రార్థన వేళ, పిల్లలందరి ముందు, "మాస్టారూ, మీ ఇంట్లో గడియారం లేదా?" అన్నాను. పిల్లలు నవ్వారు. అతను తల దించుకుని వరుసలో నిలబడ్డాడు. అతని తండ్రికి కిడ్నీలు పాడయ్యాయని నాకు ఆ తరువాత తెలిసింది. తెల్లవారకముందే ఆయనను సోంపేటకు డయాలసిస్‌కు తీసుకెళ్లి, లోపల పడుకోబెట్టి, అక్కడి నుంచి బడికి పరుగెత్తుకొస్తున్నాడు. ఉద్దానంలో పుట్టిపెరిగినదాన్ని. ఆ జబ్బు తలుపు తట్టిన ఇళ్లు మా వీధిలోనే ఎన్ని ఉన్నాయో చెప్పగలను. విడిగా పిలిచి ఒక్క మాట అడగాలని మాత్రం తోచలేదు.

ఆ తరువాత నాలుగు నెలలు నా గదికి ఫిర్యాదులే రాలేదు. బడి చక్కగా నడుస్తోందనుకున్నాను. ఆ నెలల్లోనే మా తొమ్మిదో తరగతి పిల్లకు పెళ్లి కుదిరింది. ముగ్గురు టీచర్లకు పది రోజుల ముందే తెలుసు. నాకు తెలిసింది పెళ్లయిన రెండో రోజు. పిల్లల సహాయ నంబరు 1098కు ఫోను చేసి ఉంటే ఆపగలిగి ఉండేవాళ్లం. ఎందుకు చెప్పలేదని అడిగితే ఒక టీచరమ్మ నేల చూస్తూ, "ముందు మా మీదే విసుక్కుంటారని భయపడ్డాం మేడం. మీకు చెప్పకుండా ఫోను చేయడానికీ ధైర్యం చాలలేదు" అంది.

ఆ పిల్ల మళ్లీ బడికి రాలేదు. గడియారం గురించి నేను అన్న మాట నుంచి ఆ పిల్ల చదువు ఆగిపోవడం దాకా ఉన్న దారి ఎంత పొట్టిదో నాకు తెలుసు. ఈ జవాబులన్నీ అందుకే రాస్తున్నాను.

కోపం వచ్చినప్పుడు అణచుకోవాలా, చూపించాలా?

ముందు దాని పేరేమిటో తెలుసుకోవాలి.

అణచుకుంటే చాలనుకునేవారికి ఒక సంగతి. జేమ్స్ గ్రాస్ అనే మనస్తత్వవేత్త బృందం 2003లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించింది. ఒకరికొకరు తెలియని ఇద్దరిద్దరు స్త్రీలకు మనసు కలచివేసే సినిమా ఒకటి చూపించి, దాని గురించి మాట్లాడుకోమన్నారు. కొన్ని జంటల్లో ఒకరికి మాత్రం మనసులోది ముఖంలో కనిపించనివ్వవద్దని రహస్యంగా చెప్పారు. అలా బిగబట్టుకుని కూర్చున్నవారి ఎదుట ఉన్న మనిషికి రక్తపోటు పెరిగింది. మీరు పళ్లు బిగించి "ఏం లేదు, వెళ్లండి" అన్నప్పుడు మీ గుమస్తాకు ఎందుకు ఊపిరాడదో ఇప్పుడు అర్థమవుతుంది.

2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం మెదడు చిత్రాలు తీస్తూ ఇంకొకటి గమనించింది. కోపంగానో భయంగానో ఉన్న ముఖాల ఫొటోలు చూపించి, ఆ భావానికి పేరు చెప్పమన్నప్పుడు మెదడులో ఉద్వేగాలకు స్పందించే అమిగ్డలా అనే భాగం కొంత శాంతించింది. మన పెద్దవాళ్లు ఏడ్చే పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని "అలిగావా తల్లీ, భయమేసిందా?" అని అడిగేవారు. పేరు దొరికితే పిల్ల ఏడుపు సగం తగ్గేది.

పేర్లకు తెలుగులో కరువు లేదు. మనమే అన్నిటికీ కోపం అని ఒకే చీటీ అంటిస్తున్నాం. నిద్ర చాలనప్పుడు వచ్చేది చిరాకు. చెప్పిందే చెప్పాల్సి వచ్చినప్పుడు విసుగు. మనవాళ్లు అనుకున్నవారు మరచిపోతే కినుక. ఏమీ చేయలేని చోట, ఎదురు చెప్పలేని మనిషి ముందు పుట్టేది ఉక్రోషం. నలుగురిలో మాట పడితే తలకొట్టేసినట్టుంటుంది. ఏమవుతుందోనన్న బెంగ ఉంది, ఇంకొకరి పేరు పైకి వస్తే కడుపుమంట ఉంది, మాట వల్ల నొచ్చుకోవడం ఉంది. వీటిలో ఒక్కొక్కదానికి ఒక్కో మందు. చిరాకుకు నిద్ర, బెంగకు సమాచారం, కినుకకు ఎదురెదురుగా కూర్చుని ఒక మాట. ఉక్రోషం సంగతి వేరు. అది పుట్టిన చోట తీరదు. బలహీనుడి కోసం వెతుక్కుంటుంది.

నా సంగతే చూడండి. ప్రార్థన వేళ నాకు వచ్చింది కోపం కాదు. ముందు రోజు సమావేశంలో పైఅధికారి ఒకరు నలుగురిలో నన్ను నిలబెట్టి హాజరు లెక్కలు అడిగారు. ఆ తలవంపును రాత్రంతా మోసి, పొద్దున్నే ఆ మాస్టారి తల మీద దించాను. ఆ ఉదయం బడికి నడిచి వస్తూ "నాకు చిన్నతనంగా ఉంది" అని ఒక్కసారి నాకు నేను చెప్పుకుని ఉంటే, ఆ మాట నా నోట వచ్చేది కాదని గట్టిగా నమ్ముతాను.

బయటికి చెప్పాల్సి వస్తే పేరుతోనే చెప్పండి. "రేపటికి లెక్క పంపాలి, నాకు కంగారుగా ఉంది, అందుకే గొంతు పెరుగుతోంది" అంటే వినేవారు కాగితాలు అందుకుంటారు. ఊరికే గొంతు పెంచితే తలుపు వైపు చూస్తారు.

"అలాగేనండి" అంటారు, చేయరు. నన్ను మోసం చేస్తున్నారా?

చాలాసార్లు కాదు. మన దగ్గర పెద్దవారి ముందు కుదరదనడం అమర్యాద. అందుకే కాదు అని చెప్పడానికి అవును లాంటి మాటలు చాలా తయారు చేసుకున్నాం: అలాగేనండి, చూద్దామండి, మీరు చెప్పాక ఇంకేముందండి. వీటిని ఒప్పుకోలుగా రాసుకుంటే తప్పు రాసుకున్నవారిదే.

పలాసలో జీడిపప్పు గ్రేడింగ్ చూసే మేస్త్రీ ఒకతను ఇదే గోడు వెళ్లబోసుకున్నాడు. పండుగ సరుకు పంపాలి, ఆదివారం రమ్మన్నాడు, ఆడవాళ్లంతా అలాగేనన్నారు, సగం మందే వచ్చారు. మరుసటి వారం అతను ప్రశ్న మార్చాడు. "వస్తారా?" అనకుండా "ఆదివారం రావడానికి ఏది అడ్డొస్తుంది?" అని అడిగాడు. కొందరికి ఉదయం చర్చి, ఒకామెకు మంచాన పడిన అత్తకు స్నానం చేయించే పని. పనిని మధ్యాహ్నానికి జరిపితే ఇద్దరు తప్ప అందరూ వచ్చారు. అడ్డేమిటని అడిగితే జవాబు చెప్పడం అమర్యాద కాదు, సాయం. అంతే తేడా.

నువ్వు అనాలా, మీరు అనాలా? చిన్న విషయమే కదా?

చిన్నది కాదు. తెలుగులో ఒక మనిషిని పిలిచామంటే అతని స్థానం ఏమిటో అక్కడే చెప్పేసినట్టు. మన కార్యాలయాల్లో, పని చోట్లలో ఒకే వయసు ఇద్దరిలో ఒకరిని "గారూ" అనీ, ఇంకొకరిని "ఏరా" అనీ పిలవడం వింటాను. ఎవరిని ఎలా పిలుస్తున్నారో చూస్తే దాని వెనక కులం లెక్క, డబ్బు లెక్క కనిపిస్తాయి. పిలిచేవారు గమనించరు. పిలిపించుకునేవాడు ఒక్క రోజూ మరచిపోడు. "ఏరా" అని పిలిపించుకున్న కుర్రవాడు "అయ్యా, మీ లెక్కలో తప్పు ఉంది" అని మీకు చెప్పడు.

వయసులో చిన్నవారిని చనువుగా నువ్వు అనడంలో తప్పు లేదు. ఆ చనువు అందరికీ ఒకేలా ఉండాలి. అందరూ మీరు, లేదా ఆ వయసువారంతా నువ్వు. మన వైపు సంఘాల్లో పెద్దామెను "అప్పా" అని పిలుచుకుంటారు. ఆ పిలుపు ఉన్న చోట గొడవలు తక్కువని అనను కానీ, గొడవపడ్డాక మళ్లీ మాట కలపడానికి ఒక తలుపు తెరిచి ఉంటుంది.

మెత్తగా ఉంటే నెత్తికెక్కుతారు. మీరు చెప్పేదంతా పనికొస్తుందా?

మెత్తగా ఉండమని ఎక్కడా అనలేదు. తప్పును తప్పనే చెప్పాలి. అదే రోజు చెప్పాలి, విడిగా చెప్పాలి, పని గురించి చెప్పాలి. పొందూరులో సన్నఖాదీకి పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడలోని సన్నటి పళ్లు చెత్తను పట్టి లాగేస్తాయి, పోగును తెంపవు. దువ్వేవారి చేయి గట్టిదే, కానీ ఆ గట్టితనం చెత్త వరకే.

"ఈ రిజిస్టరులో మూడు పేజీలు ఖాళీగా ఉన్నాయి, సాయంత్రానికి పూర్తి కావాలి" అంటే పని గురించి. "నువ్వెప్పుడూ ఇంతే" అంటే మనిషి గురించి. రెండో మాటతో రిజిస్టరు నిండదు, ఆ మనిషి దూరమవుతాడు. ఇక డబ్బు కాజేసినవారి విషయంలో, పిల్లల మీద, ఆడవారి మీద చేయి వేసినవారి విషయంలో ఓర్పు అనేది నేను ఒప్పుకోను. అక్కడ నియమం, ఫిర్యాదు, చర్య. అర్థం చేసుకోవడం పేరుతో వాటిని సర్దేసిన నాయకులను చూశాను. వారు నమ్మకం పెంచలేదు, బాధితులకు చెప్పుకునే చోటు లేకుండా చేశారు.

పైనుంచి వచ్చిన చెడు నిర్ణయాన్ని నేను చెప్పాల్సి వస్తే?

ఇది విజయనగరంలో ఒక జూట్ మిల్లు సూపర్‌వైజరు అడిగారు. ఆ జిల్లాలో పొద్దున్నే షిఫ్టుకు వెళ్లి గేటు మీద లాకౌటు నోటీసు చూసి వెనక్కి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. మూసివేత కన్నా, తనతో మాట్లాడాల్సినవాడు కాగితం అంటించి వెళ్లిపోయాడన్నదే వారిని ఎక్కువ కాలం కాలుస్తుంది.

1970ల్లో అమెరికాలో మనస్తత్వవేత్త జాన్ థిబో, న్యాయశాస్త్ర ఆచార్యుడు లారెన్స్ వాకర్ తగవుల తీర్పుల మీద ప్రయోగాలు చేశారు. తీర్పు తమకు వ్యతిరేకంగా వచ్చినా, తమ మాట చెప్పుకునే అవకాశం దొరికినవారు అది న్యాయంగానే జరిగిందని ఎక్కువగా అంగీకరించారు. కాబట్టి నిర్ణయం మీ చేతిలో లేకపోయినా చెప్పే తీరు మీ చేతిలోనే ఉంది. కాగితం కన్నా ముందు మీరు వెళ్లండి. తెలిసినంత చెప్పండి, తెలియనిది తెలియదనండి. "నేనూ మీలాంటివాడినే" అని తప్పించుకోకండి, ఎందుకంటే మీ జీతం ఆగడం లేదు. వాళ్లు తిడితే నిలబడి వినండి. వారు అడిగినవి రాసుకుని పైకి పంపి, జవాబు వచ్చినా రాకపోయినా ఫలానా రోజు మళ్లీ వస్తానని చెప్పి, ఆ రోజు రండి. జవాబు లేకుండా రావడం చాలా కష్టం. ఆ సూపర్‌వైజరు అలాగే వెళ్లారట. మూడోసారి వెళ్లినప్పుడు ఎవరో కుర్చీ వేశారని చెబుతూ ఆయన కళ్లు తుడుచుకున్నారు.

మా సంఘంలో ఇద్దరికి పడటం లేదు. నేను ఎవరి పక్షం?

వాయిదా కట్టినామె, కట్టలేనామె మధ్యనే సాధారణంగా ఇది వస్తుంది. ఒకరు కట్టకపోతే సంఘం మొత్తానికి అప్పు పుట్టడం కష్టమవుతుంది కాబట్టి కోపం న్యాయమైనదే. ఇద్దరినీ విడివిడిగా వినండి, ఒకే సమయం ఇవ్వండి. ఒకరి మాట ఇంకొకరికి మోయకండి. ఆ తరువాత అందరి ముందు మాట్లాడేటప్పుడు లెక్కల గురించి మాత్రమే మాట్లాడండి. కట్టలేకపోవడానికి కారణం తాగుబోతు భర్తో, ఆసుపత్రి ఖర్చో అయితే దానిని ఆమె అనుమతి లేకుండా మీటింగులో పెట్టకండి. జాలి కలిగించడానికి చేసినా సరే, అది ఆమె పరువు.

అందరూ దుఃఖంలో ఉన్నప్పుడు పని ఎలా నడిపించాలి?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. వెలుగు వచ్చేసరికి మా కొబ్బరి, జీడి తోటలు నేలన పడి ఉన్నాయి. ఉద్దానం అన్న పేరే ఉద్యానవనం నుంచి వచ్చిందంటారు. కొబ్బరి మొక్క నాటితే కాపు చూడటానికి ఏళ్లు పడుతుంది. అరవై దాటిన రైతుకు ఆ లెక్క వేరుగా వినిపిస్తుంది.

కరెంటు లేని ఆ రోజుల్లో పక్క ఊరి సంఘం లీడరు ఒకామె మీటింగు పెట్టింది. నష్టం వివరాలు రాయించాలి, గడువు దగ్గరపడింది. కాగితాలు తీయగానే ఒక ముసలామె లేచి వెళ్లిపోయింది. మిగతావారు ఏం అడిగినా నోరు విప్పలేదు. లీడరు కాగితాలు మడిచి, ఆ ముసలామె వెనకే ఆమె తోటకు వెళ్లింది. మిగిలినవారూ వెళ్లారు. ముసలామె ఒక్కో చెట్టు దగ్గర ఆగి, ఇది పెద్దోడు పుట్టిన ఏడు, ఇది మా ఆయన పోయిన ఏడు అని చూపించింది. ఎవరూ ధైర్యం చెప్పలేదు. చెట్లన్నీ చూడటం అయ్యాక ఆమే "రాయండమ్మా, ఎన్ని రాయాలి?" అంది. అక్కడే, పడిన మొద్దు మీద కాగితం పెట్టుకుని ఆమెవి రాశారు. ఆ సాయంత్రానికి ఊరందరివీ పూర్తయ్యాయి.

దుఃఖంలో ఉన్నవారికి ముందుగా కావలసింది తాము పోగొట్టుకున్నది ఇంకొకరు కళ్లతో చూడటం. "ఏం కాదు, అన్నీ సర్దుకుంటాయి" అనే మాట మన భయం తగ్గించుకోవడానికి మనం అనేది. ప్రకృతి విపత్తు అక్కర్లేదు. మీ దగ్గర పనిచేసే మనిషి ఇంట్లో చావు జరిగితే పదో రోజు వెళ్లడం మామూలే. మూడో నెలలో ఒకసారి "అమ్మ లేకుండా ఇల్లు ఎలా ఉంది?" అని అడగండి. అప్పటికి అడిగేవారు ఎవరూ మిగలరు.

సీతంపేట వైపు కొత్తగా ఉద్యోగంలో చేరాను. అక్కడి సవర గిరిజనులు నాతో మనసు విప్పి మాట్లాడరు. ఎలా?

ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న సీతంపేటలో చేరిన ఒక నర్సమ్మ అడిగింది. ఆమెకు గిడుగు రామమూర్తి గురించి చెప్పాను. ఆయనను అందరూ వాడుక భాష కోసం తలుచుకుంటారు, ఆగస్టు 29న ఆయన పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం జరుపుతారు. నాకు ఆయన ఇంకో పని ఎక్కువ ఇష్టం. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్నప్పుడు సవరలకు చదువు చెప్పాలనుకున్నారు. చెప్పడానికి ముందు నేర్చుకోవడానికి కూర్చున్నారు. సవర భాష తెలిసినవారిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు, ఆ భాషలోనే పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. వారి కోసం కొండల్లో తిరిగి విషజ్వరం పాలై, మందుగా వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. వినడం కోసం వెళ్లి వినికిడి పోగొట్టుకున్న మనిషి ఆయన.

ఆ నర్సమ్మను పది మాటలు నేర్చుకోమన్నాను. నొప్పి, భయం, ఆకలి, బిడ్డ, రాత్రి ఇలాంటివి. తప్పుగా పలికితే వాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వమన్నాను. తమ భాషలో తడబడే ఉద్యోగిని మొదటిసారి చూసినవారు ఆమెకు నేర్పడం మొదలుపెడతారు. నేర్పేవారు తమ కష్టమూ చెప్పుకుంటారు.

ఆడదాన్ని కాబట్టి గట్టిగా చెబితే గయ్యాళి అంటున్నారు, మెల్లగా చెబితే లెక్క చేయడం లేదు.

నేనూ పడ్డాను. ఇందులో మీ లోపం లేదు, చూసేవారి కంటిలో ఉంది. ఆ కన్ను ఒక్క రోజులో మారదు. నాకు పనికొచ్చింది ఏమిటంటే, గొంతు స్థాయి మార్చకుండా అదే వాక్యాన్ని రెండోసారి, మూడోసారి అనడం. "శుక్రవారానికి కావాలి." వాదిస్తే మళ్లీ "శుక్రవారానికి కావాలి." ఇంకొకటి, మిగతా ఆడవారు మాట్లాడేటప్పుడు ఎవరైనా మధ్యలో అడ్డొస్తే మీరే ఆపండి: "ఆమె ఇంకా పూర్తి చేయలేదు." ఇది మీ కోసం మీరు అనుకోవడం కన్నా తేలిక, అందరికీ పనికొస్తుంది.

నా కింద పనిచేసేవారిలో నా బంధువు ఉన్నాడు.

అతని సెలవు, జీతం, తప్పు విషయాల్లో నిర్ణయం ఇంకొకరి చేతికి ఇవ్వండి. ఇచ్చారని అందరికీ తెలిసేలా చెప్పండి. అతని ముందు ఎవరూ మీ గురించి నిజం మాట్లాడరని కూడా గుర్తుంచుకోండి.

వాట్సాప్ గ్రూపులో మందలించవచ్చా?

వద్దు. నోటి మాట గాలిలో పోతుంది, అది ఫోనులో ఉండిపోతుంది. అర్ధరాత్రి మళ్లీ చదువుకుంటారు. భార్యకు, భర్తకు చూపించుకుంటారు. గ్రూపులో సమాచారం, మెచ్చుకోలు చాలు. మెచ్చుకోలు కూడా పేరుతో, పనితో ఉండాలి. చేతులు జోడించిన బొమ్మ పెడితే అది మెచ్చుకోలు కాదు.

తప్పు నాదే అని తెలిశాక క్షమాపణ అడిగితే చులకన అవనా?

ఆ మాస్టారి దగ్గరికి వెళ్లడానికి నాకు ఐదు నెలలు పట్టింది. ఇదే భయం. మొదట నా గదికి పిలిచి చెబుదామనుకున్నాను. పిల్లల ముందు అన్న మాటకు గదిలో క్షమాపణ సరిపోదనిపించింది. ఒక సోమవారం ప్రార్థన వేళ, అదే చోట నిలబడి, "ఫలానా రోజు ఈ మాస్టారిని మీ అందరి ముందు అనకూడని మాట అన్నాను. కారణం అడగకుండా అన్నాను. తప్పు నాది" అన్నాను. "కానీ" అనే మాట రాకుండా చూసుకున్నాను. దాని తరువాత ఏం చెప్పినా ముందు చెప్పిందంతా చెరిగిపోతుంది.

చులకన కాలేదు. ఆ వారంలోనే నాకు మూడు చెడు కబుర్లు వచ్చాయి. వంటగది పైకప్పు కారుతోందని, ఏడో తరగతి పిల్లవాడు తిండి లేక వస్తున్నాడని, జమా ఖర్చుల్లో నేనే ఒక అంకె తప్పు వేశానని. చాలా ఏళ్లలో నాకు అంత ఊరట కలిగిన వారం ఇంకోటి లేదు. ఆ మాస్టారు తండ్రిని డయాలసిస్‌కు తీసుకెళ్లే రోజుల్లో మొదటి పీరియడు నేనే తీసుకున్నాను, ఆయన తండ్రి పోయేదాకా.

అందరి మాటా నేను వింటే, నా మాట ఎవరు వింటారు?

మీ కింద పనిచేసేవారు కాదు. మీ బరువు వారి మీద పెట్టకండి, కాదనలేరు. ఇంకో ఊరిలో, ఇంకో సంఘంలో మీ లాంటి పనే చేసే ఒకరిని వెతుక్కోండి. నాకు ఇచ్ఛాపురం దగ్గర ఒక ప్రధానోపాధ్యాయురాలు ఉండేది. ఆదివారం సాయంత్రం అరగంట ఫోనులో ఒకరి గోడు ఒకరం వినేవాళ్లం. సలహాలు ఇచ్చుకోకూడదన్నది మా నియమం. నిద్ర పట్టకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం వారాల తరబడి ఉంటే మాత్రం వైద్యుడి దగ్గరికి వెళ్లండి. ఉచితంగా మాట్లాడే ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416 ఉంది. జ్వరానికి వెళ్లినట్టే దీనికీ వెళ్లాలి.

ఇన్ని చేయలేను. రేపు ఒక్క పని చేయమంటే ఏది?

మీ దగ్గర అందరికన్నా చిన్న ఉద్యోగం చేసే మనిషిని, ఎవరూ లేని వేళ, కూర్చోమని అడగండి. నిలబెట్టి కాదు. "నాకు చెప్పడానికి ఇక్కడ అందరూ వెనకాడుతున్నది ఏమిటి?" అని ఒక్కసారి అడిగి ఊరుకోండి. మొదట "ఏం లేదండి" అంటారు. లేవకండి, ఫోను చూడకండి, ఇంకో ప్రశ్న వేయకండి. టీ చల్లారేంతసేపు ఆగండి. ఏదో ఒకటి చెబుతారు. చిన్నదే చెబుతారు, పంపు కారుతోందనో, బల్ల విరిగిందనో. మిమ్మల్ని పరీక్షించడానికి చెప్పేది అది. మర్నాటికల్లా ఆ పంపు బాగు చేయించండి.